హామీ పత్రం మీద రెండో సంతకం

సినిమా మొదలయ్యే ముందు తెర మీద ఒక కార్డు పడుతుంది, గమనించే ఉంటారు. ‘ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితాలు, ఎవరినీ ఉద్దేశించినవి కావు’ అని. ఆ కార్డు పడే వేళకి మనం చీకట్లో సీటు వెతుక్కుంటూ ఉంటాం గనక దాన్ని చదివిన పుణ్యాత్ములు తక్కువ. పత్రికలవాళ్ళు పెట్టే ‘నిజ జీవితానుభవాల పోటీ’కి రచన పంపాలంటే మాత్రం దీనికి సరిగ్గా తలక్రిందులైన కార్డు ఒకటి మన చేత్తో మనమే రాసి, కింద సంతకం చేసి పంపాలి. దాని పేరే హామీ పత్రం!

రాసే అలవాటు ఉన్న పాఠకులకి పోటీ నిబంధనలు కంఠోపాఠం. కాగితానికి ఒకవైపే రాయాలి. ఎడమ పక్క మార్జిను వదలాలి. తిరుగు టపాకి స్టాంపులు అంటించిన స్వంత చిరునామా కవరు జతచేయాలి. న్యాయనిర్ణేతల నిర్ణయమే తుది నిర్ణయం. ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. బహుమతి రాని రచనల్ని సాధారణ ప్రచురణకు తీసుకోవచ్చు. ఇవన్నీ కథల పోటీలకీ ఉన్నవే. నిజానుభవాల పోటీకి అదనంగా ఉండేది ఒకే ఒక్క వాక్యం: ‘ఇది యథార్థంగా జరిగినది, నా స్వంతము’ అని. యథార్థం సంగతి సరే. ఆ ‘నా స్వంతం’ అన్న మాట దగ్గర నేను నలభై ఏళ్ళ పైచిలుకు నుంచీ ఆగిపోయి ఉన్నాను. ఎందుకో మనవి చేస్తాను.

కథల పోటీల్లో ఈ బాధ లేదు. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథానికల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. ఆయన తర్వాత ‘బంగారుపాప’ (1955)కి మాటలు రాసి సినిమావాళ్ళకీ దగ్గరయ్యారు. కోడూరి కౌసల్యాదేవి గారి ‘చక్రభ్రమణం’ ఆంధ్రప్రభ వారపత్రిక నవలల పోటీలో మొదటి బహుమతి పొందింది. అన్నపూర్ణా వారు దాన్నే ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)గా తీస్తే ప్రభుత్వం నంది బహుమతులు మొదలుపెట్టిన ఏడే ఉత్తమ చిత్రంగా బంగారు నంది ఎగరేసుకుపోయింది. ఆ కాలంలో ఒక వారపత్రిక పోటీకి పంపిన కాగితాల కట్ట ఎంతదూరం వెళ్ళగలదో చెప్పడానికి ఈ రెండూ చాలు. ఆ పాత్రలకి రచయిత ఏ పేరైనా పెట్టుకోవచ్చు. చంపుకోవచ్చు, బతికించుకోవచ్చు. రావు గారినీ, చక్రవర్తినీ అనుమతి అడగాల్సిన పనిలేదు. నిజం రాసేవాడికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

ఇక నా సంగతి. 1976లో బెజవాడ గాంధీనగరంలో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేరాను. జీతం నెలకి రూ.250. పని ఏమిటంటారా? ప్రింటు పెట్టెతోపాటు హాలున్న ఊరికి వెళ్ళాలి, టిక్కెట్లు లెక్కచూడాలి, రోజూ డి.సి.ఆర్. రాయాలి. అంటే ఏ ఆటకి ఎంత వసూలైందో ఆ కాగితం అన్నమాట. కొత్తగా చేరినవాడికి పెద్ద హాళ్ళు ఇవ్వరు గదా! నాకు దివిసీమ పడింది. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాకా బస్సు. అక్కణ్ణించి ఏది దొరికితే అది. సముద్రానికి దగ్గర్లో ఒక ఊళ్ళో డేరా వేసి నడిపే టూరింగ్ టాకీసు. ఒకే ప్రొజెక్టరు, అందుకని రీలు మారినప్పుడల్లా ఇంటర్వెల్లే! సోడాలవాడికి పండగ.

ఆ డేరాకి ఒక గేటుకీపరు ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పగలు ఒంటెద్దు బండి మీద మైకు పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ప్రచారం చేయడం, రాత్రి గేటు దగ్గర టిక్కెట్లు చింపడం అతని పని. వాళ్ళ ఏడేళ్ళ పాప బండి వెనకాల కూర్చుని కరపత్రాలు విసిరేది. రాత్రి ప్రొజెక్టరు పక్కన నా ప్రింటు పెట్టె మూత వేసి దాని మీదే కూర్చుని సినిమా చూసేది. ‘మాయాబజార్’ వారం రోజులు ఆడితే వారమూ చూసింది. ఆ పెట్టె దానికి రిజర్వుడు క్లాసు. నేను ‘లే పాపా’ అంటే ‘టిక్కెట్టుందండీ’ అని ఖాళీ చెయ్యి చూపించేది.

1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు గురించి కృష్ణా జిల్లా వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ముందు రోజు పిక్చరు మార్చి నేను లెక్కలతో బెజవాడ వచ్చేశాను. శనివారం తిరిగి వెళదామని బస్టాండుకి పోతే అవనిగడ్డ వైపు బస్సుల్లేవు. ఆ సాయంత్రం సముద్రం తాటిచెట్ల మీదుగా వచ్చింది. చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల దాకా తేలారు, లెక్కకి రానివారెందరో. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. రాష్ట్రమంతా కదిలింది. ఎన్.టి.ఆర్., ఎ.ఎన్.ఆర్. లాంటి పెద్ద తారలే జోలె పట్టి వీధుల్లోకొచ్చి విరాళాలు పోగుచేశారు.

పది రోజుల తర్వాత ఆఫీసువాళ్ళు ‘ప్రింటు ఏమైందో చూసిరా’ అని నన్ను పంపారు. డేరా లేదు. డేరా ఉండేదన్న ఆనవాలు కూడా లేదు. సహాయ శిబిరం దగ్గర గేటుకీపరు కనిపించాడు. నన్ను చూడగానే లేచి లోపలికి వెళ్ళి, బురద కడిగిన రేకు పెట్టె మోసుకొచ్చి నా ముందు పెట్టాడు. ‘పొలంలో దొరికింది బాబూ. రీళ్ళు పనికిరావనుకుంటా. పెట్టె మాత్రం బాగానే ఉంది, చూసుకోండి’ అన్నాడు. భార్య, పాప సంగతి నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. పెట్టె ముట్టినట్టు కాగితం రాసిమ్మని మాత్రం అడిగాడు. ఆఫీసువాళ్ళు రేపు అతని మీద నష్టం రాస్తారేమోనని అతని భయం. రాసిచ్చాను. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చొక్కా ఎవరో దానం చేసింది, భుజాలు వదులు.

అయిదేళ్ళు ఇది ఎవరికీ చెప్పలేదు. 1982లో ఒక వారపత్రిక ‘మరపురాని యథార్థ సంఘటన’ అంటూ పోటీ ప్రకటించింది. మొదటి బహుమతి రూ.1,116. నా జీతం అప్పటికి కొంత పెరిగినా ఆ డబ్బు నాకు రెండున్నర నెలల సంపాదన. పైగా చెల్లెలి పురుడు ఖర్చుకి అమ్మ గొలుసు బ్యాంకులో కుదువలో ఉంది. రెండు రాత్రులు కూర్చుని తొమ్మిది పేజీలు రాశాను. హామీ పత్రం దగ్గరికొచ్చేసరికి ‘నా స్వంతము’ అన్న మాట రాయబోతే చెయ్యి కదల్లేదు. జరిగింది నాకా? నేను చేసిందల్లా బస్సెక్కి వెళ్ళి ఒక పెట్టె తెచ్చుకోవడం. ఇది నా స్వంతమెలా అవుతుంది?

ఆ ఆదివారమే బస్సెక్కాను. అతను అప్పటికి అవనిగడ్డ వైపు ఇంకో హాల్లో గేటు దగ్గర ఉన్నాడు. ఫస్టుషో మొదలయ్యాక బయట బెంచీ మీద కూర్చుని మొత్తం చదివి వినిపించాను. లోపల్నించి పాట వినిపిస్తోంది, ఈలలు వినిపిస్తున్నాయి. అతను ఒక్క మాటా అడ్డు చెప్పకుండా విన్నాడు. అంతా అయ్యాక,

‘జరిగిందే బాబూ. రాసుకోండి. మా ఊరి పేరు వద్దు. అక్కడ ఇంకా కొందరు మిగిలారు, ఎవరి బాధ వాళ్ళది. పాప పేరు అసలే వద్దు’ అన్నాడు.

‘పేరు లేకపోతే ఎట్లా?’ అన్నాను.

‘దాన్ని ఆ పేరుతో పిలిచేవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. పేపర్లో వేస్తే అందరూ చదువుతారు. చదివాక దాంట్లో పకోడీలు కడతారు. దాని పేరు నాకుండనియ్యండి’ అన్నాడు.

రెండు పేర్లూ కొట్టేసి పంపాను. నెల తిరక్కుండా కార్డొచ్చింది. ‘మీ రచన బహుమతికి పరిశీలనలో ఉన్నది. నిబంధన ప్రకారం పాప పేరు, గ్రామము పేరు తెలియజేయగలరు. వీలైన ఫొటో జతపరచగలరు’ అని. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదన్నవాళ్ళే ఉత్తరం రాశారంటే బహుమతి ఎంత దగ్గర్లో ఉందో మీరే ఊహించుకోండి! నిబంధన పెట్టడంలో వాళ్ళ తప్పు లేదు. పేర్లు లేకపోతే ఏది యథార్థం, ఏది కట్టుకథ అని వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఆ కార్డు నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. రాసేద్దామని అనిపించలేదంటే అది అబద్ధం. అతనికి చదువు రాదు. ఆ పత్రిక ఆ ఊరిదాకా వెళుతుందో లేదో! చివరికి కార్డు అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ‘గొలుసు బ్యాంకులో భద్రంగా ఉందిరా. ఎక్కడికీ పోదు. ఎప్పుడో విడిపించుకుందాం’ అంది. ‘క్షమించాలి, ఆ వివరాలు ఇవ్వలేను’ అని జవాబు రాశాను. మూడు వారాలకి నా దస్తూరీతో, నేనంటించిన స్టాంపులతో, నా కవరే నాకు తిరిగొచ్చింది. దీపావళి సంచికలో మొదటి బహుమతి వచ్చిన అనుభవం చదివాను. బాగుంది. నిజంగానే బాగుంది. గొలుసు రెండేళ్ళ తర్వాత విడిపించాం.

‘మరి ఇప్పుడు రాస్తున్నావు గదా!’ అంటారేమో. అతను రాసుకోమన్నదంతా రాశాను, వద్దన్న రెండు ముక్కలూ ఇక్కడ కూడా లేవు. వెతక్కండి.

అదలా ఉంచి, నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం బెజవాడలోనే ఒక సంఘం వారు ఇలాంటి పోటీ పెట్టి ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నన్నొకణ్ణి చేశారు. నూట ముప్ఫై దాకా రచనలొచ్చాయి. చదువుతుంటే ఒక విషయం బోధపడింది. సగానికి పైగా రచనల్లో ఎవరో ఒకరు చచ్చిపోతున్నారు. బహుమతి కావాలంటే కన్నీళ్ళు ఉండాలని మనవాళ్ళకి ఎవరు నేర్పారో! అవన్నీ అబద్ధాలని నేననను. కానీ చాలావాటిలో ఉరుము సరైన సమయానికి ఉరుముతుంది, దీపం సరైన సమయానికి ఆరిపోతుంది. సినిమాలు చూసి చూసి మన దుఃఖానికి కూడా రీరికార్డింగు అలవాటైపోయింది.

నిజంగా జరిగినదాన్ని పట్టుకోవడానికి నాకో గుర్తు దొరికింది. కట్టుకథలో ప్రతి వస్తువూ దేనికో దానికి పనికొస్తుంది. నిజంలో ఎందుకూ పనికిరాని ముక్క ఒకటి మిగిలిపోతుంది. ఆసుపత్రి బయట కొనుక్కున్న కమలాకాయ పుల్లగా ఉందని రాస్తారు. తండ్రి శవం ఇంటికొచ్చిన రోజు పాలవాడికి చిల్లర బాకీ పడ్డామని రాస్తారు. కథకి అది అక్కర్లేదు. అయినా మనసు దాన్ని వదల్లేదు. అలాంటి ముక్క కనిపిస్తే నేను ఆ రచయితని నమ్మేవాణ్ణి. చివరికి మేం మొదటి బహుమతి ఇచ్చింది ఎవరూ చచ్చిపోని రచనకి. నలభై ఒకటో ఏట బందరు కాలువ గట్టు మీద సైకిలు నేర్చుకున్న ఒక ఇల్లాలి అనుభవం అది. పడిపోతే పిల్లలు నవ్వారట. పక్కింటావిడ ‘ఈ వయసులో ఇదేం సరదా’ అందట. నెల తర్వాత ఆవిడే ‘నాకూ నేర్పవా’ అని అడిగిందట. పక్కింటావిడకి వినిపించే పంపానని కింద ఒక గీటు గీసి రాసింది. ఆ గీటు చూసి నాకు అవనిగడ్డ బెంచీ గుర్తొచ్చింది.

కానీ మా ముగ్గుర్నీ రెండు రోజులు నిద్రపోనివ్వనిది ఇంకొకటి ఉంది. తాగొచ్చి కొట్టే భర్త గురించి ఒక స్త్రీ పేరూ ఊరూ అన్నీ రాసి పంపింది. గొప్పగా రాసింది. నేను ‘ఇంట్లోవాళ్ళని అడిగారా’ అనే నా పాత పాట మొదలుపెట్టబోతే మా తోటి న్యాయనిర్ణేత, ఒక రిటైర్డు పంతులమ్మ గారు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ‘కొట్టినవాడి సంతకం కూడా కావాలంటారా మాస్టారూ?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అన్నది న్యాయం. దెబ్బ తిన్నవాళ్ళ పేరు దాచమనడం వేరు, కొట్టినవాడి పరువు కాపాడమనడం వేరు. అక్కడ చూడాల్సింది ఒకటే: ఇది అచ్చయిన మర్నాడు ఆ రాసినావిడ ఎక్కడ ఉంటుంది? పంతులమ్మ గారే ఆవిడకి ఫోను చేశారు. ‘అచ్చు వేయకండమ్మా, నేను ఆ ఇంట్లో ఉండలేను. మీరు ముగ్గురూ చదివారు గదా’ అందట. బహుమతి డబ్బు ఆవిడ చేతికే ఇచ్చాం. పేరు ప్రకటించలేదు. నిబంధనల ప్రకారం అది కుదరదు. కుదుర్చుకున్నాం.

ఇప్పుడు పోటీలు మారాయి. తెల్లకాగితం, మార్జినూ పోయి యూనికోడు వచ్చింది. పోస్టు డబ్బా పోయి ఈమెయిలు వచ్చింది. ఆంధ్రపత్రిక 1991లోనే మూతపడింది, మిగిలిన పాత వారపత్రికలూ ఒక్కొక్కటే నిలిచిపోయాయి. పోటీలు మాత్రం తగ్గలేదు, ఫోను తెరిస్తే రోజుకొకటి. స్వంత జీవితం రాసుకుంటే చదివేవాళ్ళకీ కొదవలేదు. ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘కోతి కొమ్మచ్చి’ స్వాతి వారపత్రికలో వస్తున్నప్పుడు, 2009లో పుస్తకమైనప్పుడు జనం ఎగబడి చదవలేదూ! ఆయన సినిమా కథకి తీసిపోని జీవితాన్ని రాస్తూ ముందుగా తన మీద తనే జోకులు వేసుకున్నారు.

కానీ ఒక్క తేడా ఉంది. మా రోజుల్లో వారపత్రిక ఆయుష్షు వారం. ఆ తర్వాత అది నిజంగానే పకోడీల పొట్లం. మా గేటుకీపరు భయపడింది దానికే. ఇవాళ అతను బతికుంటే పొట్లమే నయమనేవాడు. ఫోన్లోకి ఎక్కిన పేరు చిరగదు, నానదు, పోదు. పదేళ్ళ తర్వాత పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కూడా వెతికి చదువుతారు.

అందుకని నిజానుభవాల పోటీకి రాయబోయే చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ ఈ పెద్దవాడి సలహా. రాయండి, మానకండి. రాయకపోతే ఆ పెట్టె మీద కూర్చున్న పాప సంగతి ఎవరికీ తెలియకుండా పోయేది. పెద్ద ఉప్పెన రానక్కర్లేదు, సైకిలు నేర్చుకోవడం చాలు. రాసిందాన్ని అందులో ఉన్నవాళ్ళకి ఒక్కసారి చదివి వినిపించండి. వద్దన్నది తీసేయండి. అడగటానికి వీల్లేని మనిషైతే, అది అచ్చయిన మర్నాడు మీరు ఎక్కడ నిలబడతారో చూసుకుని మరీ పంపండి. హామీ పత్రం మీద పత్రికవాళ్ళకి కనిపించేది ఒక్క సంతకమే. దాని కింద కనపడకుండా రెండోది కూడా ఉండాలి. అది ఉంటే బహుమతి రాకపోయినా ఆ ఊరి బస్సు ధైర్యంగా ఎక్కవచ్చు.

బహుమతి వస్తే మాత్రం నాకో కార్డు ముక్క రాయండి. కార్డు దొరక్కపోతే మెసేజి అయినా సరే!